కెంపమ్మ కూర్చున్న అరుగు

చింతామణి ఊరి పాత బజారులో రెండు తమలపాకులు చూపించి జేసీబీని ఆపిన మనిషి కెంపమ్మ. ఆ యంత్రం ఒక్కసారి దగ్గి, తొండం దించి, దండం పెట్టినంత పని చేసింది. నమ్మకపోతే మీ ఖర్మ. తొమ్మిదో తరగతితోనే బడికి సెలవిచ్చినవాణ్ణి, అబద్ధాలాడేంత చదువు నాకెక్కడిది?

కెంపమ్మది బట్లహళ్ళి. మొగుడు పోయినాక సెట్టిగారి బట్టలంగడి అరుగు మీద ఆకువక్క అమ్మడానికి కూర్చుంది. బాడుగ లేదు. పొద్దున అంగడి తెరవకముందే గడప మీద రెండు ఆకులు, ఒక వక్క పెట్టాలి, అంతే. తరువాత జనం బైపాసు పక్క పెద్ద అంగళ్లకు మళ్లారు. బజారులో షట్టర్లు ఒక్కొక్కటే దిగాయి. సెట్టిగారు పోయారు, పిల్లలు తాళం వేసి బెంగళూరు చేరారు. కెంపమ్మ మాత్రం మూసిన తలుపు ముందర రోజూ ఆకులు పెడుతూనే ఉంది. వాటిని ఒక మేక తినేది. దాని నోరు ఎర్రగా పండిందని ఊరంతా చెప్పింది నేనే.

చచ్చిన బజారుకు ప్రాణం పోస్తామని నగరసభవాళ్లు, అదే మునిసిపాలిటీవాళ్లు, బయలుదేరారు. దారికి రాతిపరుపు, దీపాలు, బెంచీలు. ప్లాను గీసే అమ్మాయి మంజుశ్రీ వచ్చి ఎవరెవరు ఎక్కడ కూర్చుంటారో రాసుకుంది. నిరుడు బండి పెట్టిన టీ చంద్రు, "ఇది మా తాతల కాలం నుంచి నాదే మేడం" అన్నాడు. వాడి తాతది పరగోడనే పల్లె. చింతామణి ముఖం చూసిన పాపాన పోలేదు.

"ఈ అరుగు మీదేనా అవ్వా?" అని మంజుశ్రీ కెంపమ్మను అడిగింది.

"నాదేముండాదమ్మా. సెట్టిగారిది. నేను ఊరికే కూర్చోనుండాను."

ఒకరిచ్చిన చోటును నాది అనడం మా పక్క తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం కన్నా పాపం. ఆ సంగతి మంజుశ్రీకి తెలియదు. ప్లానులో ఆ అరుగు ఖాళీ అని పడింది. ఖాళీ అరుగులన్నీ కొట్టేసి దారి వెడల్పు చేయాలని తీర్మానించారు. చంద్రుకు మాత్రం నంబరు వేసిన జాగా దొరికింది.

తెలిసిన వెంటనే పరుగెత్తాను. "అవ్వా, ఆ ప్లాను పాప ఇంగా ఈడనే ఉండాది. నాది అని ఒక్క మాట చెప్పు. నోరేమన్నా అరిగిపోతాదా?"

"ఆ తలుపు ముందర కూర్చోని అట్లెట్ల చెప్పేదప్పా?"

"తలుపుకు చెవులుండాయా?"

"నాకుండాయి."

ఇప్పుడు బజారు చూడముచ్చటగా ఉంది. బెంచీలున్నాయి, కూర్చునేవాళ్లు లేరు. కెంపమ్మ ఒకరోజు పక్కన గంప పెట్టుకుని కూర్చుంటే, బెంచీ మీద వ్యాపారం చేయకూడదని కావలివాడు లేపేశాడు. ఇప్పుడు గంప నెత్తిన పెట్టుకుని వీధులు తిరుగుతుంది. మోకాళ్లు లేవని రోజు తిరగదు. ఆ రోజు ఏం తిన్నావని నేను అడగను.

మొన్న చంద్రు బండి దగ్గర నలుగురికి జేసీబీ కథ చెబుతున్నాను. ఆకులు చూడగానే డ్రైవరు దిగి కాళ్ల మీద పడ్డాడనే చోటికి వచ్చేసరికి, నా వెనక కెంపమ్మ గంప దించింది.

"నేనేమీ ఆపలేదప్పా. వాడు టీ తాగను పోయినాడు. వచ్చి అరుగు కొట్టేసినాడు. ఆకులు మట్టిలో పోయినాయి."