సబ్బు ప్రకటన దగ్గర ఆగిన సీరియల్

2023 ఎండాకాలం. వనపర్తిలో మా ఫొటో స్టూడియో. పెళ్లి ఫొటోలు జనం ఫోన్లలోనే తీసుకుంటున్న ఈ రోజుల్లో, పాత వీడియో క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించే పనే నాకు ఇంత తిండి పెడుతోంది. దాన్ని డిజిటైజేషన్ అంటారు. మీరు నమ్మరు, నలభై దాటిన వాళ్లు పెళ్లి క్యాసెట్ల కంటే ఎక్కువగా, చిన్నప్పుడు ఆదివారం పొద్దున టీవీలో వచ్చిన మాయల సీరియళ్లనే పట్టుకొస్తారు. అట్టముక్కల రాక్షసుడు, దారం కనబడే ఎగిరే గుర్రం! అయినా చూస్తూ కళ్లు తుడుచుకుంటారు. మొదట్లో నాకు నవ్వొచ్చేది. వెంకటేశు వచ్చాక నవ్వడం మానేశాను.

వెంకటేశుది అలంపూర్, వ్యవసాయం. అతను సంచిలోంచి తీసిన క్యాసెట్ నిండా 2009 నాటి వరద బురద, ఎండి పెచ్చులు కట్టి ఉంది.

"మా తమ్ముడు శీను కోసం సార్. దవాఖానోళ్లు ఇంటికి తీస్కపొమ్మన్నరు. ఇంక కొన్ని దినాలే అంట. గీ సీరియల్ ఆఖరు భాగం చూస్తనంటుండు."

మాయగుహలో చిక్కుకున్న పిల్లవాడి కథ అది. హిందీ ముక్క రాకపోయినా వీధి పిల్లలంతా చూసేవాళ్లట. ఆఖరు భాగం వచ్చిన ఆదివారం శీను టైఫాయిడ్‌తో దవాఖానలో ఉన్నాడు. వాడి కోసమే అన్న రికార్డు చేశాడు. వాడు ఇంటికొచ్చేలోపు వీసీఆర్ చెడిపోయింది, మళ్లీ బాగుపడలేదు. ఏమైందో చెప్పమని తమ్ముడు బతిమాలితే, "చెప్పపో, నువ్వే చూడు" అని ఏడిపించేవాడట.

"ఇంటర్నెట్‌లో లేదా?"

"అంత ఎతికినం సార్. గా ఒక్క భాగమే లేదు. మా అసొంటోళ్లు ఎంతమందో దానికోసమే ఎతుకుతున్నరు."

"వస్తుంది లే," అన్నాను.

క్యాసెట్ విప్పి, టేపును శుభ్రమైన నీళ్లతో కడిగి, నీడన ఆరబెట్టి, వేరే డబ్బాలోకి చుట్టాను. వెంకటేశును పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాను. బొమ్మ వచ్చింది! గీతల మధ్య పిల్లవాడు గుహ తలుపు దాకా వచ్చాడు. తలుపు కదిలింది. సబ్బు ప్రకటన మొదలవుతూనే తెర నిండా చుక్కలు.

చివరి దాకా తిప్పాను. టేపు బాగానే ఉంది, అందులో ఏమీ ఎక్కలేదు. అప్పట్లో అందరం చేసే పనే. టేపు ఆదా చేయాలని ప్రకటన రాగానే పాజ్ నొక్కి, కథ మొదలవగానే మళ్లీ నొక్కేవాళ్లం. మళ్లీ నొక్కకపోతే, టేపు అరగకుండా కాసేపటికి మెషిన్ దానంతట అదే ఆగిపోతుంది.

వెంకటేశు తల పట్టుకున్నాడు. "కథల పడి బటన్ ఒత్తుడు మర్చిన సార్. థూ, నా బతుకు!"

"పోనీ, ఏమైందో గుర్తుందా?"

"లేదు సార్. ముప్పై ఏండ్లాయె."

"ఏదో ఒకటి చెప్పరాదూ?"

"చిన్నప్పటి సంది నా అబద్ధం వాడు ఇట్టే పట్టేస్తడు సార్."

ఉన్నంతవరకు పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చాను. నా చేతిలో ఇంకేముంది? ఆ రోజు మరో పని ముట్టబుద్ధి కాలేదు.

కొన్నాళ్లకు ఫోన్ చేశాడు. శీను పోయాడు.

"చూసిండు సార్. ఆగినకాడ 'మల్ల ఏమైందన్నా?' అన్నడు. తలుపు తెర్సుకుంది, అమ్మకాడికి ఉరికిండురా అని చెప్పిన. నా మొఖం జూసి నవ్విండు. 'నీకు గూడ యాదికి లేదు గదన్నా' అన్నడు. గోడ దిక్కు తిరిగి పండుకున్నడు."

బురద కడగొచ్చు, బూజు తుడవొచ్చు. ఎక్కనిదాన్ని ఎక్కడి నుంచి తేవాలి? ఇప్పుడు ఎవరు క్యాసెట్ తెచ్చినా ముందు ఆఖరు దాకా తిప్పి చూస్తాను. 'వస్తుంది లే' అనే మాట ఇక నా నోట రావడం లేదు.