అవ్వ గొంతుకు పడ్డ తాళం

పోయిన వారం నా ఫోను నన్ను గుర్తుపట్టనని మొండికేసింది. బొటనవేలు పెడితే వద్దంది, పంచెకు తుడిచి పెడితే వద్దంది, చివరికి ముఖం చూపిస్తే ఇలాంటి ముఖాన్ని తానెన్నడూ చూసి ఎరగనన్నట్టు చీకటైపోయింది. మా అమ్మాయి నవ్వుతూ రెండు నిమిషాల్లో దాన్ని దారికి తెచ్చింది గానీ, ఆ రెండు నిమిషాలూ నేను కంబదూరులో, మా పాత ఇంటి నడిమింట్లో, ఎద్దు తలంత కంప్యూటరు ముందు కూర్చున్న నాయన వెనకాల నిలబడి ఉన్నాను.

మన వయసు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, రెండువేల సంవత్సరం వచ్చిన ఆ కొత్తలో ఇంట్లో కంప్యూటరు ఉండటమంటే వాకిట్లో ఏనుగును కట్టేసుకున్నట్టే. మా చిన్నాయన రంగుల టీవీ తెచ్చి మూడు నెలలపాటు కాళ్ళు నేలకు ఆనకుండా తిరిగాడు. అది చూడలేక నాయన, ఆ ఏడు వేరుశనగ కాస్త కనికరించగానే, అనంతపురం పోయి కంప్యూటరు తెచ్చాడు. బస్సులో తనకొక సీటు, దానికొక సీటు. దుమ్ము పడకుండా అవ్వ కంబళి కప్పాడు. కంబదూరులో దిగేసరికి ఊరు ఊరంతా బస్టాండులోనే ఉంది. నా లెక్కలో చుట్టుపక్కల మూడు పల్లెలు కూడా ఉన్నాయి. నేనేమో అప్పటికే అనంతపురంలో మూడు నెలల కంప్యూటరు కోర్సు ముగించి, సర్టిఫికెట్టుకు అద్దం కట్టించి, దేవుడి పటాల పక్కనే తగిలించుకున్నవాణ్ణి. మండలంలో ఆ విద్యకు మొదలూ నేనే, చివరా నేనే అని నా నమ్మకం.

తెర మీద ఏ బొమ్మ కావాలని అడిగితే నాయన వెతికి వెతికి మబ్బుల బొమ్మ పెట్టించుకున్నాడు. బయట ఎటూ లేవు, ఇంట్లోనైనా ఉండనీ అన్నాడు.

ఆ ఎండాకాలమే ఆయనకొక ఆలోచన పుట్టింది. మా అవ్వకు, అంటే నాయన తల్లికి, కార్తెలన్నీ చుట్టాల కిందే లెక్క. ఆరుద్ర మంచి కోడలు, రోహిణి ఊరందరితోనూ తగువులు పడే ఆడబిడ్డ, హస్త వస్తానని కబురు పెట్టి రాని పెద్దమనిషి. ఎప్పుడు ఏ గాలి తిరిగితే గింజ వేయాలో, ఏ మబ్బును గుమ్మం దాకా కూడా రానివ్వకూడదో అంతా ఆమె నోటి మీదే ఉండేది. అదంతా కంప్యూటర్లోకి ఎక్కిస్తే పోదని నాయన ఒక మైకు తెచ్చాడు. ఆ రోజుల్లో మాకు తెలిసిన పద్ధతిలో అది ఒక్క నిమిషమే రికార్డు చేసి ఆగిపోయేది. అవ్వకు ఆ మర్యాద నచ్చలేదు.

“ఏమప్పా, ఈ నల్లకొయ్యకు చెవుడా? ఇంత దగ్గరకొచ్చి అరవల్లనా?” అని మొదలుపెట్టి, నిమిషం కాగానే ఆగిపోతే, “నేను మాట్లాడతాండంగానే నోరు మూసుకుంటాదే, దీనికి పెద్దా చిన్నా లేదా?” అని దులిపేసేది. ఆ దులపడం రెండో నిమిషంలోకి ఎక్కేది. అలా ఇరవైమూడు ముక్కలు తయారయ్యాయి. కార్తెలు సగం, తిట్లు సగం.

శ్రావణంలో అవ్వకు పక్షవాతం వచ్చింది. మెల్లగా లేచి కూర్చుంది, నవ్వింది, కళ్ళతో కసిరింది. మాట మాత్రం పోయింది. కళ్యాణదుర్గం డాక్టరు ఇక రాదనే చెప్పాడు. అప్పటినుంచి నాయనకు ఒకటే భయం, ఆటలాడుకోవడానికి వచ్చే పిల్లలు ఆ ఇరవైమూడు ముక్కలనూ ఎక్కడ చెరిపేస్తారో అని. తాళం వేసే దారి అడిగాడు. నేను సర్టిఫికెట్టు వైపు ఒకసారి చూసి, గొంతు సవరించుకుని, పాస్‌వర్డు అనేది ఎవరికీ చెప్పకూడదు, అమ్మకు కూడా చెప్పకూడదు అని గీతోపదేశం చేశాను. ఆయన మమ్మల్నందరినీ అటు తిరగమని, ఒంటి వేలితో, దుక్కి దున్నినంత సేపు, ఒకే మాట రెండుసార్లు కొట్టాడు. మాట మీద నిలబడే మనిషి, ఎవరికీ చెప్పలేదు. రెండు రోజులు గడిచేసరికి తనకు తాను కూడా చెప్పుకోలేకపోయాడు.

ఎస్‌టీడీ బూత్ నుంచి అనంతపురం అంగడికి ఫోను చేస్తే, అంగడాయన చాలా తేలిగ్గా, తీసుకురండి, లోపలున్నదంతా తీసేసి కొత్తగా వేసిస్తాం అన్నాడు. నాయన ఫోను పెట్టేసి చిల్లర లెక్కపెట్టి ఇచ్చాడు. “ఆయుధపూజ కానీరా. ఆమీట తీస్కపోదాం,” అన్నాడు. పండగకు పదకొండు రోజులుంది. నా సర్టిఫికెట్టులో ఈ రోగానికి మందు లేదని ఇంట్లో చెప్పడానికి నాకు నోరు రాలేదు.

నాయనకు గుర్తున్నదల్లా ఒక్కటే, అవ్వ నోట వచ్చే మాటల్లో ఏదో పెట్టాననేది. అంతే, ఇక ఆ పదకొండు రోజులూ సాయంత్రమయ్యేసరికి అందరం కంప్యూటరు పక్కనే వేసిన అవ్వ మంచం చుట్టూ చేరేవాళ్ళం. చిన్నాయన మొదటి రోజు ఎగతాళికే వచ్చాడు.

“ఏమన్నా, మా టీవీకి బీగం లేదు గదా!”

“నీ టీవీలో మా అమ్మ లేదు గదరా,” అన్నాడు నాయన.

“మా అమ్మ కాదా యేమి?” అని చిన్నాయన మంచం పట్టె మీద కూర్చున్నవాడు ఇక రోజూ అక్కడే. ఒక్కొక్కరూ అవ్వ మాటొకటి తెచ్చేవారు. చేల పేర్లు, మేకల పేర్లు, ఆమె కోపంలో పిలిచిన పిలుపులు, దుక్కిటెద్దును బుజ్జగించిన మాటలు. నేను ఒక్కో అక్షరం కొడుతుంటే పెట్టెలో ఒక్కో చుక్క నక్షత్రంలా వెలిగేది, ఆనక కాదనేది. ఎవరైనా తప్పుగా అంటే అవ్వ తల అడ్డంగా ఊపేది. అప్పుడు అమ్మ దిద్దేది: “అత్త రోహిణిని అట్ల తిట్టదు. ముందు మూతి తిప్పుతాది, ఆమీట తిడతాది.” చిన్నాయన మూతి తిప్పి తిట్టేవాడు. అవ్వ శబ్దం లేకుండా ఒళ్ళంతా ఊగిపోయేలా నవ్వేది. కిటికీలోంచి ఎండిన మట్టి మీదుగా వేరుశనగచేల గాలి వచ్చేది, లోపల మేమంతా అవ్వ గొంతులతో మాట్లాడుకునేవాళ్ళం. ఏ లోకంలో ఉన్నామో మాకే తెలిసేది కాదు.

ఆయుధపూజ నాడు నాగలి, గొర్రు, కొడవళ్ళు, అమ్మ కుట్టుమిషనుతో పాటు కంప్యూటరునూ కడిగినంత పని చేసి కూర్చోబెట్టాం. ట్రాక్టరుకు పూజ చేస్తే ఇంజను ఆడిస్తారు కదా, దీన్నీ ఆడించాల్సిందేనని నాయన పట్టుబట్టాడు. అది లేచి, ఎప్పటిలాగే పాస్‌వర్డు అడిగి నిలబడింది. చక్రాలు లేవే, నిమ్మకాయ ఎక్కడ తొక్కించాలనే చర్చ గంటసేపు నడిచింది. మౌసు కడుపులో గుండు తిరుగుతుంది కాబట్టి అదే చక్రమని చిన్నాయన తీర్పు చెప్పాడు. ఇక అమ్మ కుంకుమ గిన్నె తీసుకుంది. అమ్మ బొట్టు పెడితే మనిషి తల జానెడు వెనక్కి పోవాల్సిందే. మీటలన్నిటికీ పెట్టాలని ఎడమచేతి పై మూలనుంచి మొదలుపెట్టి, మొదటి మీట మీద వేలు నొక్కింది.

పాస్‌వర్డు పెట్టె మాయమైంది. తెర నిండా మబ్బులు.

“అయ్యో, చెడగొట్టినానా యేమప్పా?” అని అమ్మ చెయ్యి కొంగులో దాచుకుంది.

ఆ మూలనున్న ఎస్కేప్ మీటకు అర్థం నాకొద్దు, వదిలెయ్ అనట. అప్పటి ఇళ్ళ కంప్యూటర్లు పాస్‌వర్డు అడిగినప్పుడు వద్దన్నవాణ్ణి కూడా లోపలికి పంపించేసేవట. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ఆ క్షణాన మాత్రం నేను మొదటి ముక్క ఆడించాను. ఏమప్పా, ఈ నల్లకొయ్యకు చెవుడా అంటూ అవ్వ నడిమింట్లోకి వచ్చింది. మంచం మీది అవ్వ పెట్టె వైపు చూసింది, నాయన వైపు చూసింది, ఆ గొంతుతో పాటు తన పెదవులు కదిలించింది. నాయన తువ్వాలు ముఖానికి పెట్టుకుని చాలాసేపు తియ్యలేదు. చిన్నాయన కంప్యూటరుకు దండం పెట్టాడు. ఆ మధ్యాహ్నమే నేను గోడ మీది సర్టిఫికెట్టు తీసేశాను, ఎవరూ తీయమనలేదు.

అవ్వ మరో రెండేళ్ళుంది. ఇంటికొచ్చిన చుట్టాలందరికీ ఆ ముక్కలు వినిపించాం. కానీ సాయంత్రాలు మంచం చుట్టూ కూర్చోవడం మాత్రం ఆ పండగతోనే ఆగిపోయింది. అవ్వ గొంతు పెట్టెలో దొరికాక ఇక వెతికే పనేముంది? నాయన పెట్టిన మాట ఏదో చివరిదాకా ఆయనకు గుర్తు రాలేదు, మాకూ తెలియలేదు. ఇరవైమూడు ముక్కలూ ఇప్పుడు మా వంశంలో అందరి దగ్గరా ఉన్నాయి, ఒక్క అక్షరం చెడలేదు, ఎవరం వినం.

మొన్న హస్త కార్తెలో పడమట ఒక మబ్బు లేస్తే, దాన్ని చూసి అవ్వ ఏమనేదో మా అమ్మాయికి చేసి చూపించబోయాను. మాటలు వచ్చాయి. కానీ అవి అనేముందు అవ్వ కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకునేదో, కొంగు పెట్టుకునేదో తోచలేదు. చెయ్యే పెట్టుకున్నాను. కాదని తల అడ్డంగా ఊపడానికి అక్కడ ఎవరూ లేరు.