ట్యాంకులో మంచుదిమ్మలు

పాల శీతలీకరణ కేంద్రంలో ఆమెను అందరూ కెమిస్టమ్మ అనేవారు. ఆమె పరీక్షించి, పాలు సరిగా చల్లబడ్డాయని సంతకం పెడితేగాని ట్యాంకరు గేటు దాటకూడదు. తన చదువు నలుగురి కడుపులను కాపాడుతోందని ఆమెకు లోలోపల కాస్త గర్వం కూడా.

ఆ వేసవిలో చిల్లర్ మొరాయించింది. పాలు పద్నాలుగు డిగ్రీల దగ్గరే ఆగిపోయాయి. మేనేజరు చెమట తుడుచుకుంటూ ల్యాబులోకి వచ్చాడు.

"అమ్మా, వెయ్యి కిలోల పాలు ఆరు డిగ్రీలకు దిగాలంటే ఎంత మంచు కావాలి? కాస్త లెక్కేసి చెప్పు."

మంచు ట్యాంకు చుట్టూ పేర్చడానికేనని ఆమె అనుకుంది. పాల విశిష్టోష్ణం, అంటే కిలో పాలు ఒక్క డిగ్రీ మారడానికి పట్టే వేడి, సుమారు మూడు పాయింటు తొమ్మిది కిలోజౌళ్లు. దాన్ని బరువుతోనూ, ఎనిమిది డిగ్రీల తేడాతోనూ హెచ్చవేసింది. ముప్పై ఒక్క వేల చిల్లర. కిలో మంచు కరిగి ఆరు డిగ్రీలకు చేరేలోగా లాక్కునే వేడితో దాన్ని భాగించింది.

"ఎనభై ఏడు కిలోలు సార్. బయట పేరిస్తే ఇంకా ఎక్కువే పడుతుంది."

"బయటెందుకమ్మా? లోపలే వేసేద్దాం. ఎనభై ఏడు లీటర్లు ఊరికే కలిసొస్తాయి కూడా!" అని పళ్లికిలించాడు.

ఆమె ట్యాంకు దగ్గరికి పరుగెత్తింది. చేపల మార్కెట్టు నుంచి తెచ్చిన దిమ్మలు ట్యాంకు పక్కన కరుగుతున్నాయి. వాటికి పొలుసులు, రంపపు పొట్టు. ఒకటి అప్పటికే పాలలో తేలుతోంది. దాని చుట్టూ బూడిదరంగు తెట్టు. తను వేసిన లెక్క తనకే కంపు కొట్టింది.

"ఇవి పిల్లలు తాగే పాలు సార్!"

"కాచుకునే తాగుతార్లే. సంతకం పెట్టు."

ఆమె వంగి, కింది వాల్వు తిప్పేసింది. పాలు బుడబుడమంటూ కాలువలోకి పోయాయి. నీ ఉద్యోగం ఊడిందని మేనేజరు గొంతు చించుకుంటున్నా, ట్యాంకు ఖాళీ అయ్యేదాకా ఆమె అక్కణ్ణుంచి కదల్లేదు.

ఇంటికొచ్చి చెబితే అత్త ముక్కు మూసుకుంది.

"ఛీ ఛీ! మనం కొనేవీ ఆ పాలేగదే? నువ్వు సెలవు పెట్టిన రోజుల్లో ఏం కలిపాడో!"

ఆమె గబగబా పెరట్లోకి వెళ్లి వాంతి చేసుకుంది.

మర్నాడే ఆహార తనిఖీ అధికారులకు ఫిర్యాదు చేసింది. కేంద్రం కొన్నాళ్లు మూతపడింది. మళ్లీ తెరుచుకుంది, అదే మేనేజరుతో. ఆమె ఇప్పుడు తాగునీటి పరీక్షల ల్యాబులో పనిచేస్తోంది. ఇంట్లో పాలు కాచేది మాత్రం అత్తే. అవి పొంగే వేళకు కోడలు వాకిట్లోకి వెళ్లిపోతుంది.