మగ్గం టక్కున ఆగినప్పుడు

నగరిలో మరమగ్గాల షెడ్డులో పనిచేసేవాళ్ళు నోటితో మాట్లాడుకోరు. ఆ రొదలో గొంతు చించుకున్నా పక్కవాడికి చేరదు. టీ కావాలన్నా, దారం అయిపోయిందన్నా, ఓనరు వస్తున్నాడన్నా అన్నీ చేతిసైగలే. చెవులు మొద్దుబారి ఇంటికొచ్చాక కూడా అందరూ అరిచే మాట్లాడతారు. అందుకే రంగనాథానికి చెవులు పోయిన సంగతి రెండేళ్ళుగా ఎవరూ పసిగట్టలేదు.

నాలుగు మగ్గాలు చూసుకునే మనిషికి, దారం తెగి వీపు వెనక ఒకటి ఆగితే వినపడి తీరాలి. వినపడదని తెలిస్తే ఏ ఓనరూ పనిలో ఉంచుకోడు. అందుకని షెడ్డులో చెప్పులు విడిచి తిరగడం మొదలుపెట్టాడు. నేల అదురులో తేడా వస్తే ఠక్కున వెనక్కి తిరిగేవాడు. కూతురి చదువు అయ్యేదాకా ఇలా నెట్టుకొస్తే చాలని మొక్కని దేవుడు లేడు.

కూతురు మహిత తిరుపతిలో సినిమా చదువు చదువుతోంది. కొడుకు పోయిన నాలుగోరోజే మగ్గం ఎక్కిన ఒక తల్లి మీద చిన్న సినిమా తీసింది. వీధిలో నలుగురికి చూపిస్తే, ఒకాయన ఫోను తీశాడు, ఒక పెద్దమ్మ పాట ఎప్పుడొస్తుందని అడిగింది. పిల్ల ముఖం మాడ్చుకుని తండ్రి ఎదురుగా కూలబడింది.

"అంత మంచి ఫిడేలు పెట్టినా గదా నాయనా, ఒకరికన్నా కంట్లో నీళ్ళు రాలేదే!"

రంగనాథం ఆమె పెదాల వంక చూస్తూ అంతా పట్టుకున్నాడు. "మనోళ్ళకి ఫిడేలెందుకమ్మా? ఒట్టి మగ్గాల సప్పుడే పెట్టు. ఆ తల్లికి బిడ్డ గుర్తొచ్చినప్పుడు టక్కున ఆపెయ్. మగ్గం ఆగితే మనోళ్ళకు పానం ఆగినట్టు ఉంటాది."

చెవులున్న రోజుల్లో తనకు అలాగే ఉండేది. ఆ మాట చెప్పి పిచ్చివాడు తన గొయ్యి తనే తవ్వుకున్నాడు.

ఫిడేలు తీసేసి మగ్గాల చప్పుడు పెట్టిన సినిమాను ఆదివారం సాయంత్రం కల్యాణ మండపంలో మళ్ళీ వేశారు. వీధంతా వచ్చింది. ఓనరు బాలసుబ్రమణ్యం పిలిచి మరీ రంగనాథాన్ని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. దీపాలు ఆర్పాక గాని ఇతనికి ప్రమాదం తట్టలేదు. ఇక్కడ నేల అదరదు. పక్కవాళ్ళను చూసి వాళ్ళు చేసిందే చేద్దామనుకున్నాడు.

కానీ తెర మీద ఆ తల్లి ముఖం వచ్చింది. ఒట్టి ముఖమే, మగ్గం కనపడదు. ఆమె ఏడవడం లేదు, పని చేసుకుంటోంది. ఆ ముఖంలో ఏముందో గాని, చూపు తిప్పుకోవడం రంగనాథం చేత కాలేదు. ఇంత పని తన బిడ్డ చేసిందా అని ముందుకు వంగి చూశాడు. పక్కన ఓనరున్నాడన్న సంగతే మరిచాడు.

ఉన్నట్టుండి మండపమంతా లేచింది. ఆడవాళ్ళు, మగవాళ్ళు, అందరూ సగం లేచి, తెగిన దారం ముడేయడానికన్నట్టు చేతులు ముందుకు చాపారు. ఓనరు కూడా లేచాడు. సినిమా అయిపోయిందనుకుని రంగనాథం ఆనందంగా చప్పట్లు కొట్టాడు.

అతనొక్కడే కొట్టాడు. సినిమా అయిపోలేదు, మగ్గాల చప్పుడు ఆగిందంతే. తలలన్నీ ఇటు తిరిగాయి. అతని చేతులు గాలిలోనే ఆగిపోయాయి.

బాలసుబ్రమణ్యం అతని ముఖంలోకి చూశాడు. తెర వెలుతురులో ఓనరు పెదాలు నిదానంగా కదిలాయి. "నీకు వినపడదా అప్పా?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చినా రంగనాథం మింగేశాడు. "వినపడదు. రెండేండ్లాయ."

"రేపట్నించి షెడ్డుకి రావద్దు. నూలు చుట్టుకునే వార్పు బీములో చెయ్యి ఇరుక్కుంటే నేనెవురికి జవాబు చెప్పేది?" అని ఓనరు వెళ్ళిపోయాడు. ఆ పెదాల మీది మాట కూడా రంగనాథానికి స్పష్టంగానే తెలిసింది.

మహిత జనాన్ని తోసుకుంటూ వచ్చింది. మెచ్చుకోలుగా భుజం తట్టేవాళ్ళను పట్టించుకోలేదు. తండ్రి కాళ్ళ దగ్గర కూర్చుని ఏదో అంటోంది, ఏడుపుకి నోరు వంకర్లు పోతుంటే ఒక్క మాటా అర్థం కాలేదు. అతను ఆమె తల నిమిరాడు.

"ఏడవబాక మా. అందరూ లేసినారు, సూసినావా?"