మద్రాసు నుంచి కువైట్‌కు ఐదు గంటలు

మా చిన్నప్పుడు నగరిలో ఆడపిల్ల పెద్దమనిషైతే, మేనమామ వచ్చి ఇంటి ముందు పచ్చి కొబ్బరి మట్టలతో గుడిసె కట్టేవాడు... తొమ్మిదో రోజు తలకు నీళ్ళు పోసేదాకా ఆ పిల్ల అందులోనే. తను తాకింది ఎవరూ తాకకూడదు.

నా వంతు వచ్చేసరికి అమ్మ కువైట్‌లో ఉంది. మగ్గం మీద ఇల్లు గడవక, ఎవరింట్లోనో వంటపనికి వెళ్ళి అప్పటికి ఎనిమిది నెలలు. నాయన టెలిగ్రాం ఇచ్చాడు. మొదటి చెంబు అమ్మే పోయాలని నేను పట్టుబట్టాను.

గుడిసెలో ఊరికే కూర్చోలేక అట్లాసు తెప్పించుకున్నాను. మద్రాసు దగ్గర స్కేలు పెట్టి కువైట్ దాకా కొలిచాను... సుమారు నాలుగు వేల కిలోమీటర్లు. విమానం గంటకు ఎనిమిది వందలు పోతుందని మా సోషల్ అయ్యవారు చెప్పి ఉన్నారు. అంటే ఐదు గంటలు. మద్రాసు నుంచి బస్సు మూడు గంటలు. ఆలస్యానికి ఇంకొకటి వేసి, మొత్తం తొమ్మిది అని కాగితం మీద రాసి ఎత్తి పట్టుకుంటే, మామ బయటి నుంచే చదువుకున్నాడు.

“అంతేనా మే! కడపకు పోయొచ్చేదానికే ఇంగా ఎక్కువ పడతాది గదా!” అన్నాడు.

ఇంటిల్లిపాదీ నా లెక్కను నమ్మారు. పక్కింటామె మాత్రం, “ఇమానం మీ ఈది మలుపులో దిగతాదా ఏంది?” అని నవ్వింది.

తొమ్మిదో రోజు పొద్దున్నుంచి మామ బస్టాండులోనే. మద్రాసు బస్సు వచ్చి వెళ్ళిన ప్రతిసారీ ఒక్కడే తిరిగొచ్చేవాడు.

“ఇంగొక్క బస్సు సూస్తాం అత్తా,” అని మా నాయనను కన్న అవ్వను బతిమాలాడు.

“గడియ దాటిపోతా ఉండాది అప్పా. నీళ్ళు మళ్ళా సల్లారిపొయినాయి,” అంది అవ్వ.

మూడోసారి కాచిన నీళ్ళతో మా మేనత్తే మొదటి చెంబు పోసింది. “తల వంచు మే,” అంటూనే ఉంది... నేను వంచలేదు. వంచితే వీధి చివర కనబడదు.

రెండు వారాలకు ఉత్తరం వచ్చింది. “టెలిగ్రాం అందినాది తల్లీ. రెండేండ్లు కాందే పంపరంట. పాస్‌పోర్టు ఆ ఇంటాయన దగ్గిరే ఉండాది. ఎంత అడిగినా ఇయ్యలేదు...”

ఆ రోజంతా నా లెక్కలో తప్పు వెతికాను. కూడిక సరిగ్గానే ఉంది. అమ్మను ఎవరో ఒకరు పంపాలన్న సంగతే నేను అందులో వెయ్యలేదు.

అమ్మ తిరిగి వచ్చేసరికి నేను ఆమెకంటే పొడుగయ్యాను. నా ముఖం చూడడానికి తల పైకెత్తింది...

ఇప్పుడు రెండు ఊళ్ళ పేర్లు ఫోనులో కొడితే చాలు, దూరం, గంటలు, నిమిషాలు అన్నీ వచ్చేస్తాయి. వాటిని చూసి ఎవరైనా “ఇంతేనా” అంటే, “పంపేదెవరు?” అని అడుగుతాను.

మీ అమ్మ కూడా అలా రాలేకపోయిన రోజు ఏదైనా ఉంటే... ఆ రోజు మీ తలమీద మొదటి చెంబు ఎవరు పోశారో చెప్పండి.