కుట్టుపనావిడ చేయి

మా పెద్దమ్మను ఆఫీసులో చాటుగా పిసినారమ్మ అంటారు. ఇచ్చిన గుండుసూది కూడా తిరిగి అడుగుతుంది మరి. విశ్వవిద్యాలయంలోని శాంతి పరిశోధన సంస్థకు నిధులు తెచ్చి, జాగ్రత్తగా నడిపేది ఆమె. రెండు గదుల సంస్థ అంతస్తంతా పాకిందంటే ఆమె చలవే.

గొడవల్లో అయినవాళ్లను పోగొట్టుకున్నవాళ్లు అక్కడికి వచ్చి తమ కథ చెబుతారు. పగవాళ్లు గుర్తుపట్టకుండా వాళ్ల ముఖం ఎక్కడా చూపకూడదు. చేతులనే ఫొటో తీస్తారు. ఈ ఏడు కొత్త దాత కోసం ఆ కథలతో వేసిన పుస్తకం అట్టకు పెద్దమ్మే ఒక కుట్టుపనావిడ చేతిని ఎంచింది. చిటికెన వేలు సగమే ఉంటుంది. చూసినవాళ్ల మనసు కరగాలని అనుకుంది. కరిగింది. దాత ఒప్పుకున్నాడు. పుస్తకాలు ఊరంతా పంచారు.

నేను పక్క బల్ల దగ్గర అచ్చుతప్పులు దిద్దుతుండగా ఆ కుట్టుపనావిడ ఫోన్ చేసింది. పెద్దమ్మ స్పీకరు నొక్కింది.

"అక్కా, మా ఆయన్ని చంపినోళ్ల తమ్ముడు నిన్న చొక్కా కుట్టమని వచ్చాడు. కొలతలు తీస్తున్నంతసేపూ నా వేలే చూశాడు."

"ఏమన్నా అన్నాడా?"

"ఏమీ అనలేదు. అదే భయంగా ఉంది. బేరం కూడా ఆడలేదక్కా."

పెద్దమ్మ సంగతి చెప్పడానికి డైరెక్టరు గదికి వెళ్లింది. నేనూ వెనకే వెళ్లాను.

"ముఖం లేదు కదమ్మా, నియమం తప్పలేదు," అన్నాడాయన.

"ముఖం దాచి చెయ్యి చూపించాం సార్. ఆవిడ రోజంతా నలుగురి ముందూ పెట్టేది చేతులే. పుస్తకాలన్నీ వెనక్కి తెప్పిస్తాను. దాతకూ చెప్పేస్తాను."

"చెబితే ఆయన వెనక్కి తగ్గుతాడు. కొత్తగా తీసుకున్న పిల్లల్ని ఇంటికి పంపుతావా?"

 ఆ పిల్లలందరినీ ఉద్యోగంలోకి తీసుకున్నది పెద్దమ్మే. అయినా డైరెక్టరు ముందే దాతకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పింది. దాత అంతా విని, "ఆలోచించుకోవాలి," అని పెట్టేశాడు.

"అయిపోయింది," అన్నాడు డైరెక్టరు.

పెద్దమ్మ అప్పటికే కుట్టుపనావిడ నంబరు నొక్కుతోంది. "కొట్టు మూసెయ్యి. నేనొచ్చి తీసుకెళ్తా. నాలుగు రోజులు మా ఇంట్లో ఉందువుగాని."

అవతల కుట్టుమిషను ఆగింది. ఆవిడ గొంతు బాగా తగ్గించింది.

"తర్వాత చేస్తానక్కా. నిన్నటాయన వచ్చి కూర్చున్నాడు. చొక్కా ఇప్పుడే కావాలంట."