బస్సులో తెరుచుకున్న నోళ్లు

మృత్యువుతో ఒక స్త్రీ చేసిన పోరాటం గురించి మహాకావ్యం చెబుతాను, వినండి. సరే, అంత లేదు. కావలి నుంచి నెల్లూరు పోయే బస్సులో ఒకామె వీడియో కాల్ మాట్లాడింది, అంతే.

బోగోలులో ఎక్కి నా పక్కన కూర్చుంది. వృద్ధాశ్రమంలో నర్సింగ్ అసిస్టెంటట. సెలవు మీద ఇంటికొచ్చి, సగంలోనే వెనక్కి పోతోంది. మంచం పట్టిన ఒక అవ్వ రెండు రోజులుగా నోరు తెరవడం లేదు. ఈ పూటా తినకపోతే ముక్కులో గొట్టం వేస్తామన్నారట డాక్టరు.

ఫోనులో, అవ్వ మంచం పక్కన, ఆశ్రమంలో పనిచేసే ఒక అమ్మాయి గంజి చెంచా పట్టుకుని కంగారుపడుతోంది.

"అట్టా మీద పడి పెట్టబాక పాపా. ఫోను అవ్వకు చూపించు," అని ఈమె తన నోరు బాగా తెరిచింది. "అవ్వా, ఆ అను."

అవ్వ కదల్లేదు. ఈమె నోరు మూసి, మళ్లీ తెరిచింది. బస్సంతా చూస్తోంది.

"పెట్టేవాళ్లు తెరిస్తేనే వాళ్లకు గుర్తొస్తది అబ్బయ్యా," అంది నాతో.

నవ్వబోయాను. తీరా చూస్తే నా నోరు కూడా తెరిచే ఉంది. కండక్టరుదీ అంతే.

కొడవలూరు దాటాక అవ్వ నోరు తెరిచి, గంజి మింగింది. ఈమె కొంగుతో తన మూతి తుడుచుకుంది.

అప్పుడు అవ్వ, రెండు రోజుల తర్వాత మొదటి మాట అంది.

"ఉప్పు లేదు."

అవ్వకు బీపీ ఉందట. ఉప్పు వేయకూడదు.